ఖాళీ గాజు మీద చుక్కలు

అనీసాకు చిన్నప్పటి నుంచీ చీకటి గదులంటే భయం. అటువంటి పిల్ల ఆరేళ్ల పాటు తిరుపతిలో ఒక పరిశోధన సంస్థ నేలమాళిగలో, పట్టపగలే దీపాలన్నీ ఆర్పుకొని, నల్లగుడ్డ తెరల మధ్య కూర్చుని పనిచేసింది. భయం పోలేదు. పని మీద ఇష్టం దాన్ని పక్కకు నెట్టేసింది, అంతే.

వాళ్లది చిత్తూరు. తండ్రి పీరా సాహెబ్‌కు బజారు వీధిలో కళ్లద్దాల అంగడి ఉంది. ఇద్దరు మనుషులు లోపలికొస్తే మూడో మనిషి మెట్టు మీద నిలబడాల్సినంత చిన్న అంగడి. అద్దాన్ని చక్రం మీద అరగదీసి చట్రంలో కూర్చోబెట్టడం ఆయన పని. బడి అయ్యాక అనీసా అక్కడే కూర్చుని అద్దాలు తుడిచేది. అద్దం మీద వేలిముద్ర పడితే ఆయన ఏమీ అనేవాడు కాదు, దాన్ని మళ్లీ ఆమె చేతికే ఇచ్చేవాడు. అలా ఒకే అద్దాన్ని నాలుగుసార్లు తుడిచిన రోజులున్నాయి.

ఆమె ఎం.ఎస్సీ. ఫిజిక్స్ తిరుపతిలో చదివింది. జాతీయ పరీక్ష రాసి ఫెలోషిప్ తెచ్చుకుంది. ప్రొఫెసర్ హరినాథ్ దగ్గర చేరడానికి వెళ్లినప్పుడు ఆయన బల్ల మీదున్న గ్లాసులోకి చెంచా ముంచి పైకెత్తి చూపించాడు.

“ఈ చెంచాడు నీళ్లలో ఉండే అణువుల్ని లెక్కపెట్టాలంటే, మన దేశంలో ఉండే జనమంతా పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా సెకనుకొకటి లెక్కపెట్టినా తరగవమ్మా. మేం వాటిల్లో ఒకే ఒక్కదాన్ని పట్టుకొని చూస్తాం. చూడాలని ఉందా?”

“ఉంది సార్,” అంది అనీసా. ఆ ఒక్క మాటతోనే ఆమె దారి ఖాయమైపోయింది.

చూడడమంటే ఇలా చూడడం. మనకు కావలసిన అణువుకు మెరిసే రంగు ఒకటి అంటిస్తారు. దాన్ని వెంట్రుకంత పలచని గాజుబిళ్ల మీద నిలబెట్టి, కింద నుంచి లేజరు వెలుగు వేస్తారు. కెమెరాలో నల్లటి తెర మీద చిన్న చుక్క వెలుగుతుంది. అణువులు గుంపుగా ఉంటే ఆ వెలుగు మెల్లగా మసకబారుతుంది. ఒక్కటే ఉంటే అలా కాదు. కాసేపు నిలకడగా వెలిగి, ఎవరో స్విచ్ ఆపినట్టు టక్కున ఆరిపోతుంది. మొదటిసారి అది చూసిన రోజు అనీసా చిత్తూరుకు ఫోన్ చేసి వాళ్లమ్మ వహీదున్నీసాకు చెప్పింది. “ఆరిపోయిందా? అయ్యో,” అంది ఆవిడ.

ఈ పనంతా అనీసాకు నేర్పింది బాలచంద్ర. ఆమెకంటే నాలుగేళ్లు సీనియర్. ఊరు పాకాల, తండ్రి రైల్వేలో పట్టాల మీద పనిచేసి రిటైరైన గ్యాంగ్‌మన్. మాట తక్కువ మనిషి. లేజరు కిరణాన్ని అద్దాల మధ్య నుంచి వెంట్రుకవాసి తేడా లేకుండా నడిపించడంలో ఆ సంస్థలో అతన్ని మించినవాడు లేడు. గాజుబిళ్లలను ఘాటైన యాసిడ్‌లో కడగాలి. రంజాన్ నెలలో ఉపవాసముండే అనీసాను ఆ పొగలో నిలబడనిచ్చేవాడు కాదు. “నువ్వు పో, నేను చూసుకుంటా,” అని ఆ ముప్పై రోజులూ ఆమె వంతు కూడా తానే కడిగేవాడు.

బాలచంద్ర కనిపెట్టిన సంగతి చిన్నదేం కాదు. క్షయ క్రిమి ఒంట్లో ఉన్నవాళ్ల మూత్రంలోకి ఆ క్రిమి తాలూకు పదార్థం ఒకటి చాలా కొద్దిగా దిగుతుంది. దాన్ని ఒక్కొక్క అణువుగా లెక్కపెట్టి, కఫం కూడా అక్కర్లేకుండా, జబ్బు మొదట్లోనే పట్టుకోవచ్చని అతను చూపించాడు. నలభై మంది రోగుల నమూనాల్లో చుక్కలే చుక్కలు. నలభై మంది ఆరోగ్యవంతుల నమూనాల్లో దాదాపు ఖాళీ. పేరున్న సైన్సు పత్రికలో వ్యాసం వచ్చింది. హరినాథ్‌కు పెద్ద ప్రాజెక్టు వచ్చింది. బాలచంద్రకు కోయంబత్తూరు దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది. ఫెలోషిప్ ఇంక మూడు వారాల్లో అయిపోతుందనగా అతను పంపిన ఆ వ్యాసం వెంటే ఇవన్నీ వచ్చాయి.

అతని పని అనీసా చేతికొచ్చింది. జబ్బు ఉందో లేదో ఇంకా తేలని వాళ్ల నమూనాలు తీసుకొని, ముందుగానే చెప్పగలమా అని చూడడం ఆమె థీసిస్. దానికోసం నగరి వెళ్లారు. అక్కడ వీధివీధికీ మరమగ్గాలు, ఇంటింటికీ దగ్గు. నేతగాళ్ల సంఘం హాలులో ఒక ఆదివారం శిబిరం పెట్టారు. వచ్చిన డాక్టరు దగ్గున్న ప్రతి ఒక్కరికీ చీటీ రాసిచ్చాడు, చిత్తూరు వెళ్లి కఫం పరీక్ష, ఎక్స్‌రే తీయించుకోమని. అనీసా వాళ్ల దగ్గర మూత్రం సీసాలు తీసుకొని, కాగితాల మీద సంతకాలు పెట్టించింది. ఆ కాగితాల చివర ఆమె ఫోన్ నంబరు ఉంది.

అలా వచ్చినవాళ్లలో మునిస్వామి ఒకడు. నలభై ఎనిమిదేళ్లు, సన్నటి మనిషి. కనుబొమల్లో, చెవుల మీది వెంట్రుకల్లో తెల్లగా నూలు పొట్టు.

“ఎన్నాళ్ల నుంచి అన్నా దగ్గు?” అని అడిగింది అనీసా.

“దగ్గు లేనోడు మగ్గమోడే కాదు పాపా,” అని నవ్వాడు మునిస్వామి. “మా నాయనకి ఉండె, నాకు ఉండాది. ఈమె నమ్మదు. ఈమె కోసరం వచ్చినా.”

పక్కన భార్య చౌడేశ్వరమ్మ నిలబడి ఉంది. “రేత్రిళ్లు సెమటలు పడతా ఉండాయి. అది గూడా సెప్పు,” అంది.

ఆ తర్వాత అతను వారానికొకసారి ఫోన్ చేసేవాడు. “పాపా, నాది ఏమన్నా తెలిసినాదా?” తెలియలేదంటే, “సరే, నిదానంగా సూడు, తొందరేం లేదు,” అని, అనీసా ఏం తిన్నదో అడిగి పెట్టేసేవాడు. నమూనాల ఫలితం ఎవరికీ చెప్పకూడదు. ఇది పరిశోధన, వైద్యం కాదు అని కాగితంలోనే రాసుంది. ఆ కాగితం తయారు చేసింది అనీసానే.

మే నెలలో అతని నమూనా వంతు వచ్చింది. తెర దాదాపు ఖాళీ. మూడు చుక్కలు, నాలుగు చుక్కలు. ఆ వారం కూడా ఫోన్ వచ్చింది.

“ఏం లేదన్నా,” అంది అనీసా. ఆమె గొంతులో సంతోషం ఆమెకే వినిపించింది. “మీది శుభ్రంగా ఉంది.”

“నాకు తెల్సు! నేను సెప్తానే ఉండా.” అవతల మగ్గం చప్పుడులో అతను గట్టిగా అరుస్తున్నాడు. “అట్లయితే చిత్తూరికి పోవల్సిన పని లేదు కదా పాపా? రెండు దినాలు మగ్గం ఆపల్ల.”

దానికి తాను ఏమందో అనీసాకు గుర్తు లేదు. ‘అయినా ఒకసారి వెళ్లి చూపించుకోండి’ అని ఉండాలి. అనకుండా ఎలా ఉంటుంది? ఆ తర్వాత రోజుల్లో ఆ మాట అన్నట్టు గుర్తు చేసుకోవాలని ఆమె ఎంత ప్రయత్నించిందో చెప్పలేం. గుర్తొచ్చేది ఒక్కటే, మగ్గం చప్పుడులో అతని నవ్వు.

జనవరిలో ద్రావణం సీసా అయిపోయింది. నమూనాలను కలిపి గాజు మీద పోసే ఉప్పునీటి వంటి ద్రావణం అది, దాన్ని బయట నుంచే తెప్పిస్తారు. కొత్త సీసా విప్పిన రోజు నుంచి అన్ని నమూనాల్లోనూ చుక్కలు కనబడ్డాయి. జబ్బు లేదని ఖాయమైనవాళ్లవి కూడా అంతే. గాజుబిళ్లలు సరిగా కడగలేదేమో అనుకొని అనీసా రెండు రోజులు కడిగింది. మూడో రోజు ఎవరి నమూనా లేకుండా ఉత్త ద్రావణాన్ని మాత్రమే ఖాళీ గాజు మీద పోసి లేజరు వేసింది.

తెర నిండా చుక్కలు. ఒక్కొక్కటే నిలకడగా వెలిగి, ఒక్కొక్కటే టక్కున ఆరిపోతున్నాయి.

అప్పుడామెకు అర్థమైంది. టక్కున ఆరిపోయిందంటే అది ఒక్కటే అణువని తెలుస్తుంది గానీ, ఏ అణువో తెలియదు. ద్రావణంలో పడిన ఏ చెత్తయినా అలాగే వెలుగుతుంది, అలాగే ఆరుతుంది.

బాలచంద్ర పాత నోటుపుస్తకాలు బీరువాలో ఉన్నాయి. గుండ్రటి చక్కటి అక్షరాలు, ప్రతి పేజీకి తేదీ. అనీసా వాటిని నేల మీద పరుచుకొని కూర్చుంది. రోగుల నమూనాలు నలభై, అన్నీ మార్చిలో చూసినవి. ఆరోగ్యవంతులవి నలభై, అన్నీ జూలైలో చూసినవి. మార్చిలో వాడిన సీసా వేరు, జూలైలో వాడిన సీసా వేరు. రెండు రకాలనూ కలిపి ఒకే రోజు చూసిన సందర్భం ఒక్కటి కూడా లేదు. ఉత్త ద్రావణాన్ని చూసింది ఒకే ఒక్కసారి, అదీ జూలైలో.

ఆ రెండు సీసాల అడుగున కొద్దికొద్దిగా మిగిలి ఫ్రిజ్‌లో ఓ మూలన ఉన్నాయి. మార్చి సీసాలోది పోసింది. చుక్కలు. జూలై సీసాలోది పోసింది. ఖాళీ. అంటే ఆ వ్యాసం మనుషుల జబ్బును కొలవలేదు. సీసాలను కొలిచింది. మునిస్వామి నమూనా చూసిన మే నెలలో ఆమె వాడుతున్న సీసా శుభ్రంగా ఉంది. అతని ఒంటి గురించి ఆ తెర చెప్పింది ఏమీ లేదు.

అనీసా నల్లగుడ్డ తెర పక్కకు తీసి బయటికొచ్చి మెట్ల మీద నిలబడి ఫోన్ చేసింది. ఎండగా ఉంది. ఒక ఆడపిల్ల గొంతు పలికింది, మునిస్వామి కూతురు మోనిక.

“నాయన ఉన్నాడా? నేను తిరుపతి నుంచి అనీసాను.”

“నాయన పోయినాడక్కా.”

“ఎక్కడికి పోయినాడు?”

“డిసెంబరు ఏడో తేదీ,” అంది మోనిక. తర్వాత దగ్గింది. ఫోన్‌ను దూరంగా పట్టుకొని చాలాసేపు దగ్గింది.

మరునాడు పొద్దున్నే అనీసా పుత్తూరు మీదుగా నగరి బస్సెక్కింది. మునిస్వామి ఇంట్లో ముందు గదిలోనే రెండు మగ్గాలున్నాయి. ఒకటి ఆగి ఉంది. రెండోదాని దగ్గర మోనిక నిలబడి తెగిన పోగు ముడివేస్తోంది. పంతొమ్మిదేళ్ల పిల్ల, మెడ ఎముకలు బయటికొచ్చి ఉన్నాయి. చౌడేశ్వరమ్మ అనీసాను చూడగానే గుర్తుపట్టింది. చాప వేసింది. మంచినీళ్లిచ్చింది. ఆ నీళ్లు తాగకుండా అనీసా పక్కన పెట్టింది.

“ఆ డాక్టరు చీటీని పటాల వెనకాల పెట్టినాడు,” అంది చౌడేశ్వరమ్మ, అడగకముందే. “ఎప్పుడు పోతావు అని నేను అడగతా ఉంటి. తిరపతిలో సదువుకునే పాప సెప్పింది, పెద్ద మిషన్లో సూసిందంట, నాకేం లేదంట అనె. ఈదిలో అందరికీ సెప్పుకున్నాడు. కార్తీకంలో నెత్తురు పడింది. అప్పుడు ఎత్తుకొనిపోయినాము. పదిహేడు దినాలు ఉన్నాడు ఆస్పత్రిలో.”

“అక్కా, నేను చెప్పింది తప్పు,” అంది అనీసా. “ఆ మిషన్‌కి ఏమీ తెలీదు. అది నాకు నిన్ననే తెలిసింది. తెలిసినా తెలియకపోయినా అసలు నేను చెప్పకూడదు. చెప్పినాను.”

చౌడేశ్వరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. మగ్గం టకటకా కొట్టుకుంటోంది. “నువ్వు సెప్పకుండా ఉంటే పోయుండునా చిత్తూరికి?” అని అడిగింది.

“తెలీదక్కా.”

“పోయుండును. నేను తోలుకొని పోయుందును.” ఆమె గొంతు లేవలేదు. “నీ మాట అడ్డమొచ్చె.”

మోనిక మళ్లీ దగ్గింది. అనీసా లేచి నిలబడింది. “పాపను నాతో పంపించక్కా. ఇప్పుడే పోదాం.”

“నీ మిషన్‌కా?”

“కాదు. పెద్దాసుపత్రికి. కఫం పరీక్షకి. నేను పక్కన కూర్చుంటాను, అంతే. ఏమీ చెప్పను. డాక్టరు ఏం చెప్తే అదే.”

చౌడేశ్వరమ్మ పంపలేదు, తాను కూడా బయల్దేరింది. ముగ్గురూ ఒకే సీటులో కూర్చుని తిరుపతి వచ్చారు. రెండు రోజుల్లో ఫలితం వచ్చింది. మోనికకు క్షయ ఉంది. ఆరు నెలలు మాత్రలు మింగితే నయమవుతుందని డాక్టరు చెప్పాడు. ‘నయమవుతుందా?’ అన్నట్టు చౌడేశ్వరమ్మ అనీసా వైపు తిరగలేదు. డాక్టరునే మూడుసార్లు అడిగింది.

హరినాథ్‌కు అనీసా అంతా వివరంగా చూపించింది. సీసాలు, తేదీలు, ఖాళీ గాజుబిళ్ల మీద తీసిన ఫొటోలు. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కోప్పడతాడనుకుంది, కోప్పడలేదు.

“బాలచంద్ర తొందరపడినాడు. నేను సంతకం పెట్టినాను. సరే,” అన్నాడు. “ఇంక ఏడాదిలో నేను రిటైర్ అవుతా ఉండాను. నీకు వేరే పని ఇస్తాను, రంగుల మీద. ఏడాదిలో థీసిస్ రాసేయొచ్చు. ఆ వ్యాసాన్ని ఎవరూ పట్టించుకోకపోతే అదే మరుగునపడిపోతుంది. ఇట్లాంటివి ఎన్ని పడిపోలేదు?”

“ఒక మనిషి చచ్చిపోయినాడు సార్.”

“క్షయతో చచ్చిపోయినాడు.” ఆయన అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. “చెప్పకూడని ఫలితం చెప్పింది నువ్వు. బాలచంద్ర కాదు, నేను కాదు. ఇది బయటికొస్తే అందరికంటే ముందు పోయేది నువ్వమ్మా. నీ మంచికే చెప్తా ఉండాను.”

ఆయన చెప్పింది నిజమని అనీసాకు తెలుసు.

ఫిబ్రవరిలో బాలచంద్ర తన తల్లి ఏడాది తద్దినానికి పాకాల వచ్చాడు. కలవాలని అనీసా కబురు పెడితే, ఇంటికి వద్దు, స్టేషనుకు రమ్మన్నాడు. మధ్యాహ్నం ప్లాట్‌ఫారం మీద జనం లేరు. సిమెంటు బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. అనీసా ఫోనులో ఆ చుక్కల ఫొటోలు చూపిస్తుంటే అతను రెండు చూసి, మూడోది చూడకుండానే తల తిప్పుకున్నాడు.

“నీకు తెలుసా అన్నా?” అని అడిగింది అనీసా. “అప్పుడే తెలుసా?”

“తెలీదు,” అన్నాడు. ఒక గూడ్సు బండి పోయేదాకా ఆగాడు. “తెలుసుకోలేదు. మార్చి సీసాతో గూడా ఒకసారి ఖాళీగా చూడల్ల అని ఆగస్టులో అనిపించింది. పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకున్నా గూడా. అప్పటికి మూడు వారాలే ఉండాది. చూసి, అది తప్పని తేలితే నాకు ఏముండాది అనీసా? ఎనిమిదేళ్లు ఆ గదిలో ఉంటి. చూడలా. రబ్బరు పెట్టి ఆ మాట చెరిపేసినా.”

అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. లేజరును వెంట్రుకవాసి తేడా లేకుండా నడిపించిన చేతులు.

“నేను ఆ పత్రికకు రాస్తాను,” అంది అనీసా.

“నాకు పోయిన నెలే పాప పుట్టింది. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. జూన్ దాకా ఆగు. జూన్‌లో అయిపోతుంది. తర్వాత నువ్వే రాయి, నేనే రాస్తా, ఇద్దరం కలిసి రాద్దాం.”

అనీసా చాలాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. రంజాన్ నెలలో అతను ఒక్కడే యాసిడ్ పొగలో నిలబడడం గుర్తొచ్చింది. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. హరినాథ్ కొత్త ప్రాజెక్టు కింద ఏప్రిల్‌లో ఇంకో మూడు మండలాల్లో శిబిరాలున్నాయి. ఈసారి ఆ కాగితాల మీద ఇంకెవరి ఫోన్ నంబరో ఉంటుంది.

“ఆగలేనన్నా,” అంది.

అతను తల ఊపాడు. తిట్టలేదు. లేచి, ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, పట్టాలు దాటి వాళ్లింటి వైపు వెళ్లిపోయాడు. తిరుపతి బండి వచ్చేదాకా అనీసా ఆ బల్ల మీదే కూర్చుంది.

ఉత్తరం ఆమె చిత్తూరులో, అంగడిలో కూర్చుని రాసింది. రాసింది చదివి తండ్రికి తెలుగులో అర్థం చెప్పింది. పీరా సాహెబ్ అరగదీస్తున్న అద్దం ఆపి విన్నాడు.

“నువ్వు ఆ మనిషికి ఫోన్లో చెప్పింది గూడా రాసినావా బేటీ?”

“రాసినాను అబ్బా.”

“అది రాయకుంటే నీకు ఏం కాదు కదా?”

“కాదేమో.”

ఆయన మళ్లీ చక్రం తిప్పుకున్నాడు. “సరే, పంపించు,” అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు. వహీదున్నీసా ఎందుకని అడిగితే, కడుపులో బాగలేదన్నాడు.

విచారణ నాలుగు నెలలు సాగింది. శిబిరాలు ఆగిపోయాయి. వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది. బాలచంద్రను జూన్‌లో పర్మినెంటు చేయలేదు, పొమ్మన్నారు. అతను భార్యాబిడ్డలతో పాకాల వచ్చేసి, తిరుపతిలో ఒక ఇంటర్ కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరాడు. పొద్దున ఆరుకు బండెక్కి, చీకటిపడ్డాక దిగేవాడు. హరినాథ్‌కు పర్యవేక్షణ లోపం అని ఒక కాగితం ఇచ్చారు. అనుకున్న రోజుకే శాలువా కప్పించుకొని రిటైరయ్యాడు.

అనీసా కేసు వేరుగా తీశారు. కమిటీలో ముగ్గురున్నారు. తప్పు బయటపెట్టినందుకు ఆమెను మెచ్చుకుంటున్నామని మొదటి పేరాలో రాశారు. పరిశోధనలో ఉన్న మనిషికి ఫలితం చెప్పడం, దానివల్ల అతను వైద్యానికి వెళ్లకపోవడం క్షమించరానిదని రెండో పేరాలో రాశారు. ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దయింది. ఆరేళ్ల పనికి డిగ్రీ లేదు. ఆ కాగితంలో తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఆమె రెండుసార్లు చదివింది. దొరకలేదు. నేలమాళిగ తాళం చెవి ఆఫీసులో ఇచ్చేసి బస్టాండుకు నడిచింది.

తర్వాత ఆమె ఇంకో మూడు చోట్లకు దరఖాస్తు పెట్టింది. ఇదే పని చేసే చోట్లు దేశంలో చాలా తక్కువ. ఎవరికి ఏమైందో అందరికీ తెలిసిపోతుంది. ఒకచోట ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి మర్యాదగానే అన్నాడు, “మీరు చేసింది సరైన పనేనమ్మా. కానీ మా విద్యార్థులు మిమ్మల్ని చూసి భయపడతారు.” ఆఖరికి చిత్తూరు బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీ లేబొరేటరీలో చేరింది. డబ్బాల్లోకి పోయే గుజ్జు తీపి ఎంత, పులుపు ఎంత అని చూసి రాయడం పని. చేరిన మొదటి వారంలో మేనేజరు, “ఉత్త నీళ్లను ఎందుకమ్మా దినామూ మిషన్లో పెడతావు?” అని అడిగాడు. “అలవాటు సార్,” అంది.

మోనిక మాత్రలు మింగిన ఆరు నెలలూ అనీసా రెండు వారాలకొకసారి నగరి వెళ్లింది. మొదటి రెండు నెలలు ఆ పిల్లకు వాంతులు. తింటే నిలవదు. మాత్రలు ఆపేస్తానని ఏడిస్తే చౌడేశ్వరమ్మ గదమాయించి మింగించేది. అనీసా పక్కన కూర్చునేది. కొన్నాళ్లకు మోనిక ముఖం తేరుకుంది, దగ్గు పోయింది. ఆగస్టులో ఆఖరి పరీక్షలో ఏమీ లేదని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆయన చెప్తుండగా అనీసా గది బయటే నిలబడింది.

చికిత్స అయిపోయినా ఆమె వెళ్లడం మానలేదు. ఫ్యాక్టరీలో చేరాక కూడా సెలవు దొరికిన ఆదివారం నగరి బస్సెక్కేది. మోనికతో మాట్లాడేది, పోగులు తెగితే అందించేది. చౌడేశ్వరమ్మ అన్నం పెట్టేది, ఏనాడూ మొహం తిప్పుకోలేదు. ఆమె తనను క్షమించిందని అనీసా అనుకోలేదు గానీ, ఏదో ఒకటి మెత్తబడిందేమో అనుకుంది.

మరుసటి సంవత్సరం డిసెంబరులో, మునిస్వామి పోయి రెండేళ్లవుతుందనగా, చౌడేశ్వరమ్మ ఆమెను వీధి చివరిదాకా సాగనంపింది. అంతకుముందెప్పుడూ అలా రాలేదు.

“పాపా, ఇంక నువ్వు రావద్దు,” అంది.

అనీసా ఆగిపోయింది.

“పిల్లను కాపాడినావు. లేదని నేను అనను. శివరాత్రి పోయినాక దానికి పెండ్లి సేస్తా ఉండాము. అది బాగుండాది.” ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది, ఏడుపు లేదు, చెమట. “నువ్వు వచ్చిన దినం నాకు అన్నం దిగదు. నువ్వు కూసునే తావులోనే ఆయన కూసుని ఫోన్ మాట్లాడె. ఏం లేదంట, ఏం లేదంట అని నవ్వె. నిన్ను తిట్టను. కానీ రావద్దు.”

“సరే అక్కా,” అంది అనీసా.

చౌడేశ్వరమ్మ వెనక్కి తిరిగి మగ్గాల చప్పుడులోకి వెళ్లిపోయింది. చిత్తూరు బస్సు వచ్చేసరికి గంట పట్టింది. సీటు దొరకలేదు. పైన కమ్మీ పట్టుకొని నిలబడితే, పక్క సీటులోని ముసలాయన దగ్గుతూ కనిపించాడు. ఎన్నాళ్ల నుంచి దగ్గు అని అడిగింది. రెండు నెలలన్నాడు. కఫం పరీక్ష చేయించుకోమని, రేపే పొమ్మని చెప్పింది.

“ఏమన్నా ఉంటుందంటావా అమ్మా?” అని అడిగాడాయన భయపడుతూ.

“నాకు తెలీదు తాతా,” అంది అనీసా. “చూపించుకోండి.”